రెజ్యూమెలో లేని మూడేళ్లు

నల్గొండ బస్టాండు ఎదురుగా ఉన్న దశరథ్ ఇంటర్నెట్ దుకాణంలో తయారయ్యే రెజ్యూమెలన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉంటాయి. పైన ఫొటో, కింద పేరు, ఆ కింద జీవితాశయం. ఎవరి ఆశయమైనా ఒకటే: సవాళ్లతో కూడిన సంస్థలో చేరి, ఆ సంస్థను పెంచి, దానితోపాటు తానూ ఎదగడం. బీటెక్ చదివినవాడికీ అదే ఆశయం, ఐటీఐ తప్పినవాడికీ అదే. హాబీల దగ్గరికి వచ్చేసరికి అందరూ పుస్తకాలు చదువుతారు, పాటలు వింటారు. ఇంతమంది ఇన్ని పుస్తకాలు చదువుతుంటే పల్లెల్లో గ్రంథాలయాల తాళాలకు తుప్పెందుకు పడుతోందో దశరథ్ ఆలోచించలేదు. ఆలోచించడం అతని పని కూడా కాదు. పేరు మార్చి, మార్కులు మార్చి, ప్రింటు తీసి ఇవ్వడం వరకే అతని పని.

ఆ రోజు అతని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న సుస్మిత అడిగినదానికల్లా జవాబు చెబుతోంది. కేతేపల్లి దగ్గర పల్లె. తండ్రి పేరు ఐలేశం, తల్లి రామమ్మ. బీఎస్సీ నల్గొండలోనే, మొదటి తరగతి. ఈ మధ్య ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పింది, ఆ బడి మూతపడింది. దశరథ్ అన్నీ టైపు కొట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"డిగ్రీ అయినంక మూడేండ్లు ఏం జేసినవ్ చెల్లె? ఖాళీ కనవడ్తాంది."

"ఏం జెయ్యలే," అంది సుస్మిత.

ఖాళీ చూస్తే కంపెనీలవాళ్లకు అనుమానం వస్తుందని దశరథ్ ఓపిగ్గా చెప్పాడు. ఆ ఖాళీని పూడ్చే మట్టి కూడా అతని దగ్గరే ఉంది. పోటీ పరీక్షలకు చదువుతున్నట్టు రాస్తే సరి, తెలంగాణ వచ్చిన దగ్గర్నుంచీ మన దిక్కు పిల్లలందరి ఖాళీల్లోనూ అదే ఉంటుంది, అడిగేవాడికీ తెలుసు, రాసేవాడికీ తెలుసు. సుస్మిత తల ఊపింది. చివర్లో, ఈమె ఎలాంటిదో చెప్పగల పెద్దమనుషులు ఇద్దరు కావాలన్నాడు. ఒకరు మూతపడిన బడి హెడ్మాస్టరు. రెండోవారు కాస్త హోదా ఉన్నవారై ఉండాలట. ఆమె చుట్టాల్లో హోదా అని చెప్పుకోవడానికి ఒక్కడే ఉన్నాడు. మేనమామ కాటమయ్య, గొర్రెల పెంపకందార్ల సొసైటీ అధ్యక్షుడు. ఆయన ఫోను నంబరు ఇచ్చింది. ఇచ్చినట్టు ఆయనకు ఆ సాయంత్రమే చెప్పాల్సింది. మరిచిపోయింది.

మరుపు ఆమెకు ఆ మధ్య మామూలైపోయింది. తిన్నదా లేదా అని అమ్మ అడిగితే ఒక్క క్షణం ఆలోచించుకోవాల్సి వచ్చేది. దాన్ని దుఃఖం అనడానికి కూడా లేదు. దుఃఖమైతే ఎక్కడో ఒకచోట నొప్పి పుట్టాలి. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, ఆమె లోపల అంతా అట్లా అయిపోయింది.

ఇక ఆ మూడేళ్లు ఏమీ చెయ్యలేదన్నది పచ్చి అబద్ధం.

ఆమె డిగ్రీ ముగించిన ఏడే ఐలేశానికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట సగమైంది. దొడ్డి నిండా గొర్రెలు, ఇంట్లో మగపిల్లవాడు లేడు. అమ్మేయమని ఊరంతా సలహా ఇచ్చింది. సలహాకేం, ఊరికే వస్తుంది. సుస్మిత సలహా వినలేదు, తండ్రి కర్ర పట్టుకుని మంద వెంట నడిచింది. మొదట ఊరి పొలిమేరల్లోనే కాసింది. ఎండాకాలం వస్తే ఆ గుట్టల మీద గడ్డిపోచ మిగలదు కాబట్టి, వరి కోతలైన పొలాలు వెతుక్కుంటూ మందలన్నీ హుజూర్‌నగర్ దిక్కు కృష్ణా ఆయకట్టుకు నడుస్తాయి. ఆమె కూడా నడిచింది. ఎరువు కోసం రైతులు రాత్రుళ్లు తమ చేలల్లో మంద పెట్టించుకుంటారు, కాపరి అక్కడే గొంగడి పరుచుకుని పడుకోవాలి. ఆమె అక్కడే పడుకుంది. తోడు వచ్చిన మందలవాళ్లు రెండో ఏడు నుంచి రైతులతో బేరం మాట్లాడే పని ఆమెకే అప్పగించారు, గొంతు పెద్దదని. సూది మందు వేయడం, అడ్డం తిరిగిన పిల్లను తల్లి కడుపులోంచి తీయడం, దొంగను కర్రతో తరమడం, అన్నీ అక్కడే నేర్చుకుంది.

మూడో ఎండాకాలం ఐలేశం పోయాడు. అప్పుడు కరోనా, బస్సులు లేవు. కబురు చెబితే పిల్ల మందను వదిలి పరుగెత్తుకొస్తుంది, వచ్చేలోపు ఎలాగూ మట్టి చేయాల్సిందే, మధ్యలో మంద చెల్లాచెదురవుతుంది. పోయిన మనిషి ఎట్లాగూ రాడు, మందన్నా మిగలాలని పెద్దలు అనుకున్నారు. ఫోను చేసే పని కాటమయ్య మీద పడింది. నాయిన బాగున్నాడు, జావ తాగాడు, నువ్వు తిను బిడ్డా అని చెప్పాడు. ఆమె తిన్నది. మందను మెల్లగా మేపుకుంటూ ఇల్లు చేరేసరికి మంచం ఎత్తేసి ఉంది. తల్లి ఒక్కతే ఏడ్చింది. సుస్మితకు ఏడుపు రాలేదు. అప్పుడు పట్టిన తిమ్మిరి అది.

ఆ వానాకాలమే గొర్రెలను అమ్మేశారు. ఆ తర్వాత రామమ్మకు కూతురి పెళ్లి దిగులు పట్టుకుంది. మూడేళ్లు మంద వెంట తిరిగి చేలల్లో పడుకున్న పిల్ల అంటే సంబంధాలు వస్తాయా? అందుకని పిల్ల ఆ మూడేళ్లు నల్గొండ హాస్టల్లో ఉండి చదువుకుందని చెప్పాలని కాటమయ్య తీర్మానం చేశాడు. నీళ్ల పంపు దగ్గర ఒకరి మాట ఒకరు సాగనివ్వని ఊరు, ఈ ఒక్క విషయంలో మాత్రం ఒకే మాట మీద నిలబడింది. ఇట్లా ఆ మూడేళ్లు ముందు ఊరి నోట్లోంచి పోయాయి, తర్వాత దశరథ్ కంప్యూటర్‌లోంచి పోయాయి.

ఉద్యోగం మహబూబ్‌నగర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థది. జీవాలు, అంటే గొర్రెలూ మేకలూ పెంచేవాళ్ల ఇళ్లకు తిరిగి, టీకాలు వేయించి, రోగాల గురించి చెప్పాలి. ఇది రాకపోతే సూర్యాపేటలో బట్టల షోరూములో చేరడం ఖాయమైపోయింది. పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపడం, మళ్లీ మడత పెట్టడం. అదైనా చేసేది, ఆమెకు అన్నీ ఒకటే. కానీ ఇంటర్వ్యూకి పోయినప్పుడు ఆ ఆఫీసు వెనక దొడ్లో గిట్ట చీము పట్టిన గొర్రె ఒకటి కుంటుతూ కనిపించింది. సుస్మిత చెయ్యి దానంతటది దాని కాలు మీదికి పోయింది. ఈ పని నాకు కావాలి అనిపించింది. కావాలి అనిపించి ఎన్నాళ్లయిందో, ఆ అనిపించడమే ఆమెకు వింతగా తోచింది.

లోపల సంస్థ తరఫున మనీష మేడం, ఆమెకు పైనున్న పెద్దసారు కూర్చుని ఉన్నారు. మూడేళ్లు ఏం చేశారని అడిగితే పరీక్షలకు చదివానంది. మిగతా ప్రశ్నలకు ఒకటి రెండు మాటల్లో జవాబు చెప్పింది. సారు పెద్దగా సంతోషపడలేదు, కొట్టిపారేయనూ లేదు. మీరిచ్చిన పెద్దమనుషులతో మాట్లాడి సంగతేమిటో చెబుతామన్నారు. సుస్మిత బస్సెక్కి ఇంటికొచ్చి ఎదురుచూడటం మొదలుపెట్టింది.

కాటమయ్య గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. వాళ్ల కులంలో ఏ పిల్ల గురించైనా, ఏ పిల్లగాడి గురించైనా వాకబు చేయాలంటే ఆయన దగ్గరికే వస్తారు. ఆయన నోటి మీదుగా చెడిన సంబంధం ఇంతవరకు లేదు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు, కాటమయ్య ఆ నూరింటిలో ఒక్కటి తగ్గించిన పాపాన పోలేదు. తాగుబోతును నలుగురితో కలిసిమెలిసి ఉంటాడనేవాడు. గయ్యాళిని ఇల్లు కనిపెట్టుకుని ఉంటుందనేవాడు. పైగా చెడగొట్టే మాట చెబితే పాపం తగులుతుందని మనస్ఫూర్తిగా నమ్ముతాడు.

అలాంటి కాటమయ్య ఒక మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా చెల్లెలింటికి నడిచొచ్చాడు. రామమ్మ మంచినీళ్ల చెంబు చేతికిచ్చేలోపే శుభవార్త చెప్పేశాడు. పిల్లకు సంబంధం వచ్చింది. పొద్దున సంతలో ఉండగా పాలమూరు నుంచి ఫోను. ఎవరో ఆడమనిషి, చదువుకున్న గొంతు, సుస్మిత ఎలాంటి అమ్మాయో నాలుగు మాటలు తెలుసుకోవాలని అడిగింది. గొర్రెల అరుపుల్లోంచి చాటుకు పోయి, ఒక్కో మాటా ఆచి తూచి చెప్పి వచ్చాడట.

సుస్మిత వాకిట్లో గిన్నెలు తోముతూ వింటోంది.

నలుగురిలో ఎలా ఉంటుందని అడిగితే, నలుగురిలోకే రాదని చెప్పాడట. పెద్దల మాట వింటుందా అంటే, కూర్చోమంటే కూర్చుంటుంది, లెమ్మనేదాకా లేవదని చెప్పాడట. బండి నడుపుతుందా అంటే, సైకిలు కూడా ముట్టుకోదన్నాడట. ఐలేశం పాత మోపెడు వాకిట్లోనే ఉంది, పొద్దున దాని మీద పోయి సరుకులు తెచ్చింది సుస్మితే. ఒక్కతే ఊళ్లు తిరగగలదా అని అడిగినప్పుడు కాటమయ్య జాగ్రత్తపడ్డాడు. పిల్ల నడతకు పరీక్ష పెడుతున్నారనుకున్నాడు. పొద్దుగూకితే గడప దాటదు, మండలం పొలిమేర చూడలేదని ఒట్టేసినంత పని చేశాడు. తర్వాత ఆ మనిషి, గొర్రెలూ మేకలూ అలవాటేనా అనడిగింది. కాటమయ్య భయపడినంతా అయింది. పాత సంగతి ఎవరో చేరవేశారు! ఆ వాసనంటేనే పిల్లకు గిట్టదు, ఆమడ దూరం పరుగెత్తుతుందని చెప్పి గండం గడిపాడు.

"లోపం ఏమన్న ఉన్నదా అని గూడ అడిగింది చెల్లె," అన్నాడు సంబరంగా. "గొంతు లేదు, అదొక్కటే లోపం అన్న."

రామమ్మ కళ్లు తుడుచుకుంది. పిల్లగాడు ఏం చేస్తాడని అడిగింది. సుస్మిత గిన్నె కింద పెట్టి లేచింది.

"ఆమె పేరేమన్నది మామా?"

"మనీష అన్నది. పిలగాని అక్క గావచ్చు."

"సంబంధం గాదు మామా. నౌకరి."

కాటమయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో చెంబు కింద పెట్టాడు. నౌకరి ఇచ్చేవాళ్లకు పిల్ల గుణగణాలతో ఏం పని అని రామమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. సుస్మిత చేతులు తుడుచుకుని మనీష మేడానికి ఫోను చేసింది. ఉద్యోగం పోయింది అనుకుంది, అంతే.

"మీ మామయ్యగారు మీ గురించి చాలా బాగా చెప్పారండి," అంది మనీష. "అంత బాగా చెప్పాకే మీ పేరు పక్కన పెట్టాం. అలాంటి అమ్మాయి మా పనికి చాలదు."

సరే మేడం అని పెట్టేయబోయింది. దొడ్లో కుంటిన గొర్రె గుర్తొచ్చిందో, ఏమైందో, పెట్టేయలేదు.

"ఆయన పెండ్లి సంబంధం అనుకున్నడు మేడం."

అవతల మనీష నవ్వింది. నవ్వి, అడిగినవన్నీ మళ్లీ మొదటినుంచి అడిగింది. బండి నడుపుతానంది సుస్మిత. ఊళ్లు తిరుగుతానంది. జీవాల వాసన గిట్టదట కదా అని అడిగితే, "మూడేండ్లు మంద కాసిన మేడం, పండుకున్నది గూడ మందలనే," అంది. మనీష నవ్వు ఆగిపోయింది. మేం వెతుకుతున్నదే అలాంటి మనిషిని, మీరేమో పరీక్షలని రాశారు, ఎందుకని అడిగింది. సారు అయిదింటికి వెళ్లిపోతారట. ఆలోపు ఆ మూడేళ్లు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపమంది మనీష. ఏ ఊళ్లు తిరిగారు, ఎన్ని జీవాలు, వాటికేం చేశారు, అది చాలు. జీవితాశయాలు మాత్రం వద్దంది.

ఉద్యోగం ఆమెకు వచ్చింది. పై సోమవారం కాదు, ఆ పై సోమవారం చేరింది. ఆ ఆదుర్దా ఇప్పుడే తీర్చేస్తే మిగతాది నిమ్మళంగా చెప్పుకోవచ్చు.

సుస్మిత గడప మీద కూర్చుని ఫోనులో రాయబోయింది. ఏమీ గుర్తు రాలేదు. ఊళ్ల పేర్లు రాలేదు, ఏ ఏడు ఏ దారిన పోయిందో రాలేదు. రోజూ గుర్తు చేసుకోకుండా తప్పించుకుంటే ఏ జ్ఞాపకమైనా అలిగి పోతుంది. కాటమయ్య తప్పు చేసినవాడిలా ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. తనకు తెలిసినంత చెబుతానన్నాడు. ఆయన కూడా ఆ ఏళ్లలో మందతో కొన్నాళ్లు నడిచినవాడే.

"మూడువందల గొర్లని రాయి," అన్నాడు.

సుస్మిత ఆయన మొహంలోకి చూసింది.

"అలవాటు బిడ్డా," అని గొణిగాడు. "నూటిరువై ఉండె."

"ఉన్నదే చెప్పు మామా. గీ ఒక్కపాలి."

ఉన్నది చెప్పడం కాటమయ్యకు ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. ప్రతి మాటా నోటిదాకా వచ్చి ఉబ్బబోయేది, దాన్ని పట్టుకుని తగ్గించి బయటికి పంపేవాడు. మొదటి ఏడు వడగండ్ల వానకు పిల్లలు కొన్ని చచ్చాయని చెప్పాడు. రెండో ఏడు పారుడు రోగం వస్తే మిగతా మందల్లో చాలా పోయాయి, సుస్మిత ముందే సూది వేయించిన మందలో దాదాపు ఏమీ పోలేదు. చేను గలాయన బేరం తప్పి మాట్లాడితే ఎట్లా అరిచిందో చెప్పాడు, ఆ అరుపుకు తనకే భయమైందన్నాడు. సుస్మిత రాస్తూ పోయింది. పేర్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఇంకెవరి గురించో రాస్తున్నట్టుగానే ఉంది ఆమెకు, అయినా రాయడం ఆగలేదు.

మూడో ఎండాకాలం దగ్గరికి వచ్చారు. అక్కడ కాటమయ్య ఆగాడు, ఆమె వేలూ ఆగింది. రామమ్మ తలుపు చాటుకు వచ్చి నిలబడింది.

"మామా," అంది సుస్మిత ఫోను మీంచి తల ఎత్తకుండా. "నాయిన నా పేరే తలుసుకుంట పోయిండని చెప్పినవ్. నిజమేనా?"

ఊరంతా చెప్పిన మాటే అది. ముందు చెప్పింది కాటమయ్య, ఆయన నుంచి అందరూ అందుకున్నారు. ఎవరు చెప్పినా ఆమె వినేది, లోపల ఏదీ కదిలేది కాదు. తండ్రి మంచిగా ఉన్ననాడు కూడా ఆమెను పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. కాటమయ్య తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి మొహం తుడుచుకున్నాడు. ఇంకోసారి అదే మాట చెప్పేస్తే సరిపోయేది. చెల్లెలి వైపు చూశాడు, చెల్లెలు కళ్లు దించుకుంది.

"తల్వలే బిడ్డా."

సుస్మిత ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"నిన్ను అడుగలే. మందను అడిగిండు. గొర్లు నీళ్లు తాగినయా అన్నడు. మాట సగం సగం ఉండె గద, మల్ల మల్ల గదే అడిగిండు. నాకేం ఎర్క, నువ్వు యాడనో ఉంటివి. తాగినయ్ బావా అన్న. గంతే, కండ్లు మూసిండు."

నొప్పి కోసం కాచుకున్నట్టు ఆమె కొంచెంసేపు అట్లాగే కూర్చుంది. తన పేరు లేదు. ఇన్నేళ్లూ ఎవరో తెలియని మనిషి చావు గురించి విన్నట్టుండేది. ఇప్పుడు మంచం మీద ఉన్నది ఐలేశమే. ఇంటికి ఎవరొచ్చినా, ఎంత రాత్రయినా, ముందు మందను అడిగి తర్వాతే మనిషిని అడిగే తన తండ్రే.

"తాగినయ్ మామా," అంది. "ఆ దినం పొద్దుగూకంగ కాలువల దింపిన. పిల్లలను ఒడ్డు మీద ఆపి తల్లులను ముందుగాల దింపిన, తొక్కుకోకుంట. అన్ని తాగినయ్. కడుపునిండ తాగినయ్."

ఆ మాట పూర్తికాకుండానే ఏడుపు ముంచుకొచ్చింది. తండ్రిని మట్టి చేసిన చోటికి తీసుకుపోయి చూపించిన రోజు రాని ఏడుపు అది, బిగ్గరగా, వీధిలోకి వినబడేంత. రామమ్మ వచ్చి కూతురి పక్కన గడప మీదే కూలబడింది. కాటమయ్య మేనకోడలి తల మీద చెయ్యి పెట్టాడు. ఓదార్పు మాట ఏదీ చెప్పలేదు.